బోరుబావి ప్రమాదాలు: రక్షణచర్యల్లో గ్రామ స్వచ్ఛంద సేవకుల పాత్ర

వ్యాససంగ్రహం: పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మెట్టపొలాల్లో నీరు పడక వదిలేసిన బోరుబావులు పసిపిల్లల ప్రాణాలకు ముప్పుగా ఉన్నాయి. విపత్తు సహాయక బృందం చేరేలోగా గ్రామంలోని స్వచ్ఛంద సేవకులు చేయవలసిన పనులను, చేయకూడని పనులను, వాటి వెనుక ఉన్న కారణాలను 2017నాటి ఉమ్మడివరం ఘటన నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బోరుబావి, స్వచ్ఛంద సేవకులు, సమాంతర గుంత, నల్లరేగడి, నివారణ.

1. ఉపోద్ఘాతం

నాగార్జునసాగర్ కుడికాలువ ఈ రెండు జిల్లాలకు సాగునీరు ఇస్తున్నా, కాలువ నీరు అందని పొలాలకు బోరే ఆధారం. మిరపకు నెలల తరబడి తడులు కావాలి. వినుకొండ, మార్కాపురం వైపు రాతినేలల్లో ఒక బోరు విఫలమైతే రైతు అప్పుచేసి మరొకటి వేయిస్తాడు. పాత బోరులోని కేసింగు పైపును మళ్లీ వాడుకోవడానికి పైకి లాగితే మిగిలేది దన్నులేని మట్టిరంధ్రం. వానలకు దాని అంచు కోసుకుపోయి మూతి వెడల్పవుతుంది. గడ్డి కమ్మితే కంటికి కనిపించదు. పెద్దలు పనిలో ఉన్నప్పుడు పొలంలో ఆడుకునే పిల్లలకు ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది.

2. రెండు ఘటనలు

2017 ఆగస్టు 15న, అప్పటి గుంటూరు జిల్లా (నేటి పల్నాడు జిల్లా) వినుకొండ మండలం ఉమ్మడివరంలో రెండేళ్ల బాలుడు బోరుబావిలో పడ్డాడు. దాదాపు 15 అడుగుల లోతున చిక్కుకున్న అతనికి పైనుంచి ఆక్సిజన్ అందిస్తూ, పక్కనే యంత్రాలతో సమాంతర గుంత తవ్వారు. సుమారు 11 గంటల తరువాత జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం అతన్ని ప్రాణాలతో బయటకు తీసింది. అంతకు రెండు నెలల ముందు తెలంగాణలోని చేవెళ్ల సమీపాన ఇక్కారెడ్డిగూడెంలో బోరుబావిలో పడిన పసిపాప మాత్రం దక్కలేదు. వెలికితీసే ప్రయత్నాలు సాగుతుండగానే ఆ పాప మరింత లోతుకు జారింది. బిడ్డ ఉన్నచోటు నుంచి కిందికి జారకుండా చూడటం ఎంత కీలకమో ఈ రెండు ఘటనలను పోల్చితే తెలుస్తుంది.

3. తొలి గంట కర్తవ్యాలు

అ) సమాచారం: 112కు గానీ, అగ్నిమాపక కేంద్రానికి (101) గానీ, అంబులెన్సుకు (108) గానీ వెంటనే తెలపాలి. బిడ్డ వయసు, పడిన సమయం, బోరు లోతు, వెడల్పు, కేసింగు, మోటారు పైపులు ఉన్నదీ లేనిదీ చెప్పాలి. ఈ వివరాలు పొలం యజమానికీ, బోరు వేసినవారికీ తెలుస్తాయి. ఏ లోతులో మట్టి ఉందో, ఎక్కడ రాయి తగిలిందో కూడా వారే చెప్పగలరు.

ఆ) అంచు రక్షణ: గుమిగూడినవారి బరువుకు అంచు విరిగి మట్టి బిడ్డపై పడుతుంది. చుట్టూ తాడు కట్టి జనాన్ని దూరంగా నిలపాలి. దగ్గరకు వెళ్లక తప్పనివారు చెక్కపలకలు పరచుకొని వాటిపైనే ఉండాలి. సమీపంలోని ట్రాక్టర్లను ఆపించాలి.

ఇ) ఊపిరి, మాట: ఆక్సిజన్ గొట్టాన్ని వైద్యసిబ్బంది సూచన మేరకే మెల్లగా దింపాలి. తల్లిగానీ, బిడ్డకు బాగా తెలిసినవారుగానీ ఒక్కరే మాట్లాడుతుండాలి.

ఈ) నిషేధాలు: కొక్కెం వేసి లాగకూడదు, నీళ్లు పోయకూడదు, మరొకరిని లోపలికి దింపకూడదు. శిక్షణ లేనివారు తాడు వేస్తే ఇరుక్కున్న శరీరం పట్టు సడలి కిందికి జారవచ్చు.

4. సమాంతర గుంత

బోరుకు కొంతదూరంలో బిడ్డ ఉన్న మట్టం కంటే లోతుగా గుంత తవ్వి, అక్కడినుంచి చేతిపనిముట్లతో అడ్డంగా సొరంగం చేస్తారు. కిందినుంచి చేరుకోవడం వల్ల బిడ్డ జారకుండా పట్టుకోవడానికి వీలవుతుంది. నల్లరేగడి ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. నిట్టనిలువుగా తవ్విన గోడ ఉన్నట్టుండి కూలవచ్చు. అందువల్ల గుంతను మెట్లుమెట్లుగా తవ్వాలి, తవ్విన మట్టిని అంచుకు దూరంగా పోయాలి. ఈ పనికి నిపుణుల అజమాయిషీ తప్పనిసరి. పొక్లెయిన్‌కు దారి చూపడం, దీపాలు, జనరేటరు సమకూర్చడం సేవకుల పని.

5. ఆదేశాల భాష

విపత్తు మిత్రులను తయారుచేసే ‘ఆపద మిత్ర’ పథకాన్ని కేంద్రం 2016లో ప్రారంభించింది. అటువంటి శిక్షణలో సాంకేతికపదాల కంటే ఊరివారు వెంటనే గ్రహించే క్రియలే ఉపయోగకరం. “అంచు ఖాళీ చేయండి”, “ఇంజను ఆపండి”, “మాట్లాడకండి” వంటి పొట్టివాక్యాలను ఒక్కరే పలకాలి. నలుగురు నాలుగు మాటలు చెబితే ఏదీ అమలు కాదు.

6. ముగింపు

సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. పని జరిగేచోట కంచె, హెచ్చరిక బోర్డు ఉండాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, మూతి బిగించాలి. వదిలేసిన బోరును అడుగునుంచి నేలమట్టం వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. రాష్ట్రంలో 2002నాటి వాల్టా చట్టం కూడా బోర్ల నమోదును కోరుతోంది. అయినా పొలంగట్టున మూతలేని బోరు మొదట కనిపించేది ఊరివారికే. పంటకోతలు ముగిసి చేలు ఖాళీ అయిన వేసవిలో సేవకులు ఊరి బోర్లను లెక్కించి, విఫలమైన వాటిని యజమానులచేత పూడ్పించగలిగితే తొలి గంట కర్తవ్యాల అవసరమే చాలావరకు తప్పుతుంది. రక్షణశిక్షణలో ఈ సర్వేను మొదటి పాఠంగా చేర్చడం సముచితం.