పట్టా చెల్లే హద్దులు

ఫ్రెంచివారు 1823లో పుదుచ్చేరిలో నెలకొల్పిన వైద్య పాఠశాల తన విద్యార్థులకు ఇచ్చిన పట్టాను ‘మెదిసిన్ లొకాల్’, అంటే స్థానిక వైద్యం, అనేవారు. పేరు స్థానికమే అయినా దానితో సముద్రాల అవతల ఉన్న ఫ్రెంచి ప్రాంతాల్లో వైద్యం చేసుకునే వీలుండేది. పట్టా ఇచ్చే ప్రభుత్వమూ దాన్ని ఒప్పుకునే ప్రభుత్వమూ ఒకటే కనుక అందులో వింతేమీ లేదు. 1954 నవంబరు 1న పరిపాలన భారతదేశం చేతికి వచ్చాక ఆ ఏకత్వం తెగిపోయింది. అందుకే 1956 మే 28న రెండు దేశాలూ సంతకం చేసిన అప్పగింత ఒప్పందంలో ఆస్తులు, పౌరసత్వం వంటి విషయాలతో పాటు బాకలోరియా, బ్రెవె అనే ఫ్రెంచి చదువుల గుర్తింపునూ, ఇక్కడ ఇచ్చిన న్యాయ, వైద్య పట్టాల గుర్తింపునూ విడిగా రాసుకోవలసి వచ్చింది. యానాం కూడా ఆ ఒప్పందంలోని భాగమే. పట్టా విలువ అందులోని చదువును బట్టే కాక, దాన్ని ఇచ్చినవారి మీద చూసేవారికి ఉన్న నమ్మకాన్ని బట్టి కూడా నిలుస్తుందనడానికి తెలుగువారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

నేడు నైజీరియా, కెన్యా, సెనెగల్ వంటి ఆఫ్రికా దేశాల పట్టభద్రులకు ఎదురవుతున్నదీ ఇదే చిక్కు. పరాయి దేశంలో పట్టా చూపగానే మూడు ప్రశ్నలు లేస్తాయి: అది అసలైనదేనా, అక్కడి చదువుల్లో ఏ మెట్టుకు సమానం, దానితో ఆ వృత్తి చేయడానికి అనుమతి దొరుకుతుందా. మొదటిదానికి జవాబు చదువు చెప్పిన విశ్వవిద్యాలయం ఇవ్వాలి, రెండోదానికి మదింపు సంస్థ, మూడోదానికి వైద్య మండలి వంటి వృత్తి సంస్థ. ఒకదానికి వచ్చిన జవాబుతో మిగిలిన రెండూ తీరిపోయాయనుకునేవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు. భారతదేశంలో 2005 నుంచి అమలులో ఉన్న అపోస్టిల్ పద్ధతినే చూస్తే, విదేశాంగ శాఖ పట్టాకు అంటించే ఆ చిన్న చీటీ పత్రం మీది సంతకమూ ముద్రా నిజమైనవని మాత్రమే చెబుతుంది తప్ప, ఆ చదువు దేనికి సమానమో ఒక్క ముక్క కూడా చెప్పదు.

మెట్టు తేల్చడంలో సంవత్సరాల లెక్క ప్రధానం. ఉత్తర అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి నాలుగేళ్లు మామూలు కనుక, మూడేళ్ల బీకాం, బీఎస్సీ చదివిన తెలుగువారిలో ఎందరో అక్కడ ‘మూడేళ్ల చదువు’ అన్న మాటతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆఫ్రికాలో ఈ లెక్క ఒకే తీరుగా లేదు: నైజీరియాలో సాధారణంగా నాలుగేళ్లు కాగా, ఫ్రెంచి సంప్రదాయం నడిచే దేశాల్లో లిసాన్సు అనే తొలి డిగ్రీకి మూడేళ్లు, ఆపై మాస్టర్స్‌కు మరో రెండేళ్లు. ఆ ఫ్రెంచి భాషా దేశాలు 1968లోనే కామెస్ అనే ఉమ్మడి మండలిని ఏర్పరచుకొని తమలో తాము పట్టాలను పోల్చుకుంటున్నాయి. ఖండమంతటికీ వర్తించేలా 1981లో ఆరూషాలో కుదిరిన ఒప్పందాన్ని 2014లో అడిస్ అబాబాలో తిరగరాయగా, అది 2019 డిసెంబరులో అమలులోకి వచ్చింది. రెండు చదువుల మధ్య గణనీయమైన తేడా ఉందని నిరూపించవలసిన భారం పట్టాను నిరాకరించేవారి మీదే ఉంటుందన్నది ఇటువంటి ఒప్పందాల ప్రాణసూత్రం. కాగితం మీద ఇది గొప్ప మార్పే గాని, దరఖాస్తుదారు తిరిగే కిటికీల దగ్గర దాని ఛాయ ఇంకా పలుచనే.

కెనడాకు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మార్గంలో వెళ్లేవారు విదేశీ చదువుకు మదింపు నివేదిక తెచ్చుకోవాలి. దానికి ఐదేళ్లే ఆయుష్షు. మార్కుల వివరాలున్న ట్రాన్స్‌క్రిప్టును విద్యార్థి చేత్తో కాక, విశ్వవిద్యాలయమే నేరుగా, మూతి అంటించి మీద ముద్ర వేసిన కవరులో గాని ఎలక్ట్రానిక్ రూపంలో గాని పంపాలన్న నియమం సర్వసాధారణం. దీనివల్ల పాత రిజిస్టర్లు దుమ్ముపట్టిన గదుల్లో ఉన్న విశ్వవిద్యాలయంలో చదివినవాడి వలస, ఆ గది గుమాస్తా తీరిక మీద ఆధారపడుతుంది.

ఎదురు దిశలోనూ ఇదే తంతు. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో పరిశోధనకు వచ్చే ఆఫ్రికా పట్టభద్రుడికి భారతదేశంలో తత్సమాన గుర్తింపు కావాలి. దాన్ని చాలాకాలంగా భారత విశ్వవిద్యాలయాల సంఘం ఇస్తుండగా, 2025లో యూజీసీ ఇందుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వైద్యం, నర్సింగ్, న్యాయం వంటి వృత్తి విద్యలకు ఆ నిబంధనలు వర్తించవు, వాటి మండళ్లు వేరు. 2018 మార్చిలో భారత్, ఫ్రాన్సు మధ్య కుదిరిన పరస్పర గుర్తింపు ఒప్పందం కూడా పై చదువుల దారిని సుగమం చేసిందే గాని, వైద్యుడిగా నమోదు కావడానికి అదొక్కటే చాలదు.

ట్రాన్స్‌క్రిప్టు పంపవలసిన విశ్వవిద్యాలయమే మూతబడినప్పుడు మొదటి ప్రశ్న దగ్గరే దారి ఆగిపోతుంది. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనప్పుడు సూడాన్‌లోని ఖార్తూమ్ పట్టభద్రులకు ఎదురైన స్థితి ఇదే. 2023 మార్చిలో అమలులోకి వచ్చిన యునెస్కో ప్రపంచ ఒప్పందం ఇలాంటి శరణార్థుల చదువును పత్రాలు పూర్తిగా లేకపోయినా మదింపు చేయాలంటుంది. అంతకు ముందే, 2019లో, జాంబియాలో శరణార్థులతో ముఖాముఖి మాట్లాడి, చేతనున్న కాగితాలు పరిశీలించి ‘అర్హతల పాస్‌పోర్టు’ ఇచ్చే ప్రయోగం సాగింది. ఆ పత్రం చూపినవారిని కళాశాలలు చేర్చుకోవచ్చు. ఆసుపత్రిలో ఉద్యోగానికి మాత్రం వైద్య మండలి గడప మళ్లీ మొదటి నుంచి ఎక్కవలసిందే.