షాక్‌లో పడిపోయిన బీపీకి ఏ మందు?

బస్తర్‌లోని జగ్దల్‌పుర్ నుంచి రాయ్‌పుర్‌కు రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయిన రోగిని రాయ్‌పుర్ ఎయిమ్స్‌కు తరలించాలంటే అంత దూరం ప్రయాణించాలి. అందుకే బీపీని నిలబెట్టే మందును ఎక్కడ, ఎప్పుడు మొదలుపెట్టారన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

సెప్టిక్ షాక్‌లో రక్తనాళాలు వదులైపోతాయి. మూత్రపిండాలు, మెదడు వంటి అవయవాలకు రక్తం చాలదు. ముందు సెలైన్ ఎక్కిస్తారు. అయినా బీపీ లేవకపోతే రక్తనాళాలను బిగించే వాసోప్రెసర్లు ఇస్తారు. సగటు రక్తపోటును 65కు చేర్చడం తొలి లక్ష్యం. బీపీ 90/50 ఉంటే సగటు దాదాపు 63, అంటే లక్ష్యానికి కాస్త తక్కువ.

ఒకప్పుడు ఇందుకు డోపమైన్‌ను విరివిగా వాడేవారు. షాక్‌లో ఉన్న 1,679 మందిపై జరిగిన ఐరోపా పరీక్ష ఫలితాలు 2010లో వెలువడ్డాయి. 28 రోజుల్లో మరణాలు డోపమైన్ తీసుకున్నవారిలో 52.5 శాతం, నార్ఎడ్రినలిన్ తీసుకున్నవారిలో 48.5 శాతం. గణాంకాల లెక్కలో ఇది తేల్చి చెప్పగల తేడా కాదు. కానీ గుండె లయ తప్పడంలో తేడా స్పష్టం: 24.1 శాతం, 12.4 శాతం. నార్ఎడ్రినలిన్ మొదటి మందుగా స్థిరపడటానికి ఇదొక ముఖ్య కారణం.

వాసోప్రెసిన్ సంగతి వేరు. 778 మందిపై జరిపిన 2008 నాటి పరీక్షలో అది మరణాలను తగ్గిస్తుందని రుజువు కాలేదు. అయితే నార్ఎడ్రినలిన్ మోతాదు పెంచుకుంటూ పోవడం కంటే దీన్ని జోడించడం మేలని 2021 అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు సూచించాయి. అప్పటికీ చాలకపోతే ఎడ్రినలిన్.

చిన్న ఆసుపత్రులకు పనికొచ్చే మాట మరొకటి అందులోనే ఉంది. నార్ఎడ్రినలిన్‌ను సాధారణంగా మెడ దగ్గరి పెద్ద సిరలో అమర్చిన సెంట్రల్ లైన్ ద్వారా ఇస్తారు. మందు సిర బయటికి కారితే చర్మం, కండ దెబ్బతింటాయన్నది భయం. కానీ సెంట్రల్ లైన్ కోసం ఆగకుండా, మోచేతి దగ్గరి సిరలో కొద్దిసేపు మొదలుపెట్టవచ్చని మార్గదర్శకాలు చెబుతున్నాయి. సూది ఉన్నచోటును మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. ఈ మందు ప్రభావం నిమిషాల్లోనే తగ్గిపోతుంది కాబట్టి దారిలో ఇన్ఫ్యూజన్ పంపు ఆగకూడదు.

ఇవేవీ ఇన్ఫెక్షన్‌ను నయం చేయవు, వ్యవధి మాత్రమే ఇస్తాయి. షాక్‌ను గుర్తించిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, ఎక్కడైనా చీము ఉంటే తీసేయాలి. అంబులెన్స్ కదిలేముందు బంధువులు అడగాల్సిన ప్రశ్నలు రెండు: బీపీ మందు మొదలైందా? యాంటీబయాటిక్ పడిందా?