దొర గోడ మీద రావి మొక్క

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం, బి.జెడ్.సి.)

పోయిన ఏడు మా జాతీయ సేవా పథకం యూనిట్ వాళ్ళం ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి జనగామ జిల్లాలో ఒక పల్లెకు వెళ్ళాము. ఆ ఊరి నడుమ కూలిపోతున్న గడీ ఒకటి ఉంది. ఆవరణలో పెరిగిన సర్కారు తుమ్మ కొట్టడం, పూడిపోయిన నీటి కాల్వ తీయడం, దిగుడు బావి మెట్లు శుభ్రం చేయడం మాకు అప్పగించిన పని. ఆ పల్లె మా ఊరికి దగ్గరే. బయలుదేరే ముందు రాత్రి సంచి సర్దుకుంటుంటే మా నాయనమ్మ అడిగింది:

"ఆ గడీ గోడకు మా మామ మట్టి మోసిండు. పైస ఇయ్యలే. ఇప్పుడు నువ్వు గూడ పైస లేకుండ గడ్డి పీకవోతున్నవా బిడ్డా?"

నాకు జవాబు తోచలేదు. ఈ వ్యాసం సగం ఆమెకు చెప్పలేకపోయిన జవాబు, సగం మిత్రులకు పనికొచ్చే సంగతులు.

గడీ సంగతి మన వైపు వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. నిజాం కాలంలో దేశ్‌ముఖులు, జాగీర్దార్లు నివసించిన కోటలాంటి ఇల్లు అది. ఎత్తయిన గోడ, పెద్ద దర్వాజా, లోపల ధాన్యపు కొట్లు, బావి. రైతు తన పొలం పదును ఆరిపోతున్నా ముందు దొర పొలంలో నాగలి కట్టాల్సిందే. అదే వెట్టి. విసునూరు దేశ్‌ముఖు మనుషుల మీద తిరగబడ్డ ఊరు కడవెండి; 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య అక్కడే తుపాకీ గుండుకు బలి అయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం అదే దేశ్‌ముఖును ఎదిరించింది. ఈ ఊళ్ళన్నీ ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉన్నాయి. మరి అలాంటి ఇళ్ళు కూలితే కూలనీ, మనకేం పోయింది అని అడిగేవాళ్ళు మా శిబిరంలోనూ ఉన్నారు. మొదట్లో నేనూ వాళ్ళలో ఒకణ్ణే.

కాని గోడ దగ్గర నిలబడి చూస్తే ఆలోచన మారింది. దొర ఒక్క రాయి కూడా ఎత్తలేదు కదా! రాయి చెక్కినవాడు, సున్నం నూరినవాడు, దూలం కోసినవాడు, మట్టి మోసిన మా ముత్తాత – వీళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవు. వాళ్ళ పని మాత్రం ఆ గోడలో ఉంది. అది కూలితే దొర కథ పుస్తకాల్లో మిగులుతుంది, వీళ్ళది అదీ మిగలదు.

ఇక వెట్టికీ దీనికీ తేడా. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి గడీ లోపల అడుగు పెట్టనని ఖచ్చితంగా చెప్పింది. వాళ్ళ ఇంట్లోనూ మా నాయనమ్మ లాంటివాళ్ళు ఉన్నారట. ఆమె ఏడు రోజులూ ఊరందరూ వాడుకునే దిగుడు బావి దగ్గరే పని చేసింది. ఎవరూ ఏమీ అనలేదు. మా ముత్తాతకు అలా అనే వీలు లేదు.

ఇప్పుడు మొదటి రోజు మేము చేసిన తెలివితక్కువ పని. గోడ మధ్య నుంచి మణికట్టంత లావు రావి మొక్క బయటికి పెరిగి ఉంది. నలుగురం తాడు కట్టి లాగాము. మొక్క వచ్చింది, దాంతో పాటు రెండు బారల గోడా వచ్చింది! కింద ఎవరూ లేకపోవడం మా అదృష్టం. చప్పుడు విని వచ్చిన ఊళ్ళోని ముసలి మేస్త్రీ తల కొట్టుకుని, "ఎనబై ఏండ్ల సంది నిలబడ్డ గోడను ఒక్క పొద్దుల కూలగొట్టిండ్రు" అన్నాడు.

వృక్షశాస్త్రం చదువుతూ కూడా ఇది ముందే తట్టనందుకు సిగ్గేసింది. రావి, మర్రి, జువ్వి, మేడి అన్నీ ఫైకస్ ప్రజాతివే. పండు తిన్న కాకి, గోరింక గోడ మీద వాలి రెట్ట వేస్తుంది. అందులోని గింజ ఆవగింజ కంటే చిన్నది, ఏ సందులోనైనా ఇమిడిపోతుంది. పాత సున్నం తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి తొలకరికి మొలక వస్తుంది. వేరు నీటి కోసం రాళ్ళ మధ్య నుంచి కిందికి దిగుతుంది. మొదట నూలు పోగంత సన్నం. తరువాత ఏటేటా లావెక్కుతూ, బండ చీల్చడానికి కొట్టే ఉలిలాగా రాళ్ళను ఎడం చేస్తుంది. కొన్నేళ్ళకు గోడను చీల్చిన వేరే గోడను పట్టి ఉంచుతుంది. అప్పుడు లాగితే ఏమవుతుందో మేము కళ్ళారా చూశాము.

కాబట్టి పద్ధతి ఇది. వేలెడంత మొలకలను తొలి వానల తరువాత, సున్నం మెత్తబడ్డప్పుడు చేత్తో పీకవచ్చు. పెద్దదాన్ని లాగరాదు. కొమ్మలు నరికి, మొదలు కోసి, కోత పచ్చిగా ఉండగానే మొక్కను చంపే మందు రాయాలి. అదీ తెలిసినవారి చేత. ఊరికే నరికి వదిలితే రెండింతలు చిగురుస్తుంది. వేరు లోపల చచ్చి పుచ్చిన తరువాత ఖాళీని సున్నంతో నింపాలి. ఎండుగడ్డిని గోడ వారనే తగలబెట్టడం మన పల్లెల్లో అలవాటు. ఆ వేడికి రాయి పెచ్చులూడుతుంది. వయ్యారిభామ పీకేటప్పుడు చేతులకు బట్ట చుట్టుకోండి. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకండి. తేలు కుట్టలేదు గాని, రెండుసార్లు కనబడింది.

సిమెంటు గురించి ఒక మాట. పడిపోయిన చోట రెండు బస్తాల సిమెంటు తెచ్చి పూసేద్దామని మా వాళ్ళు తొందరపడ్డారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. డంగు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా సున్నపురాయిగా మారుతుంది, అయినా లోపలి తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు అలా పోనివ్వదు. తేమ పక్కనున్న మెత్తని ఇటుకలోంచి దారి చూసుకుంటుంది, ఉప్పును వెంట తెస్తుంది. చవుడు పొలంలో ఎండాకాలం తెల్లగా ఉప్పు తేలినట్టే గోడ మీద తేలి, ఇటుక పొడి పొడిగా రాలుతుంది. పాతవాళ్ళు ఆ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపేవారు. ఈ సంగతి ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ, "గోడకు బెల్లం పోసిండ్రు, మోసినోనికి అంబలి గూడ పొయ్యలే" అన్నది.

మేము పని చేసింది రక్షిత కట్టడం కాదు, పంచాయతీ అనుమతి సరిపోయింది. భూపాలపల్లి జిల్లా గణపురంలోని కాకతీయుల నాటి కోటగుళ్ళ వంటి చోట పురావస్తు శాఖ అనుమతి లేకుండా రాయి కదపడం నేరం. అక్కడ మనం చేయగలిగింది చెత్త ఏరడం, శాఖ వారు చూపిన చోట గడ్డి కోయడం. రేగొండ దగ్గరి పాండవుల గుట్ట రాతి చిత్రాలకైతే మనం చేయగల పెద్ద సేవ చెయ్యి వేయకుండా ఉండటమే. ఫోటో కోసం నీళ్ళు చల్లకూడదు, పేర్లు చెక్కకూడదు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువును గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించింది. కాకతీయుల వంశక్రమం తెలియడానికి అక్కడి శాసనమే పెద్ద ఆధారం. అలాంటి రాయి పక్కన తుమ్మ కొట్టేటప్పుడు గొడ్డలి ఎటు పోతుందో చూసుకోవాలి.

ఇంగ్లండులో 1895లో ఏర్పడ్డ నేషనల్ ట్రస్టు చేతిలో పాత ప్రభువుల భవంతులు, తోటలు ఎన్నో ఉన్నాయి. వేలమంది స్వచ్ఛందంగా వెళ్ళి కంచెలు కట్టి, పొదలు కొట్టి వస్తారు. 2020లో ఆ సంస్థే ఒక నివేదిక ప్రకటించింది: తమ ఆస్తుల్లో 93 చోట్లకు వలస పాలనతోనో బానిసల వ్యాపారంతోనో సంబంధం ఉందని. మన రాబర్ట్ క్లైవ్ (మన అనడమేమిటి గాని!) ఇక్కడ కూడబెట్టిన వస్తువులు వాళ్ళ పోవిస్ కోటలోనే ఉన్నాయి. నివేదిక మీద అక్కడ పెద్ద గొడవ జరిగింది. ఇంతకీ మా నాయనమ్మ అడిగిన ప్రశ్నే అది.

మన దగ్గరా దారి లేకపోలేదు. కామారెడ్డి జిల్లా దోమకొండ సంస్థానం కోటను బాగు చేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. మా పల్లె గడీకి అంత డబ్బు ఎవరూ పెట్టరు. దర్వాజా దగ్గర ఒక పలక పెట్టి, ఇది ఎవరి వెట్టితో లేచిందో రాయిద్దామని పంచాయతీని అడిగాము. చూద్దామన్నారు.

ఈసారి తొలి వానలు పడ్డ వారానికి మళ్ళీ వెళ్తున్నాము. రాదలచినవారు ముందుగా పేరు ఇవ్వగలరు. కొడవలి ఎవరిది వారే తెచ్చుకోవాలి. తాడు మాత్రం వద్దు.