చుక్క పడ్డ చోటు గుమ్మం కాదు

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టి చూడమని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. అసలు కష్టమంతా అక్కడే వుంది. ఇల్లు ఏడాదిలో లేస్తుంది. దాన్ని ఎండకూ, వానకూ, చెదకూ, చెమ్మకూ అప్పగించకుండా కాపాడుకోవడం ఎన్నేళ్ళయినా తెమలని సంసారం.

కొల్లిపరలో మా పిన్నిది పెంకుల మండువా ఇల్లు. వానాకాలం వచ్చిందంటే ఆ ఇంట్లో అటక మీది గిన్నెలన్నీ కిందికి దిగేవి. ఉత్తరపు గదిలో నాలుగు, వంటింటి వసారాలో రెండు. మంచం మాత్రం రాత్రికొక కొత్త చోటు వెతుక్కునేది. హైదరాబాదులో వుద్యోగం చేసే మా తమ్ముడు, "అమ్మా, ఆ కొంప పడగొట్టి రెండు గదుల స్లాబు వేద్దాం" అనేవాడు. "నేను పోయాక నీ ఇష్టం నాయనా" అనేది పిన్ని. ఈ వాదన మూడేళ్ళు నడిచింది. ఆ మూడేళ్ళూ ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు నిచ్చెన వేసుకొని వచ్చి, మరక వున్న చోటుకు సరిగ్గా పైనున్న పెంకులు మార్చి, కూలి పుచ్చుకొని దిగిపోయారు. ప్రతి వానకూ ఇల్లు మళ్ళీ కురిసింది.

నాలుగో ఏడు వచ్చిన మేస్త్రి ముసలివాడు. పెంకులు తెప్పించమనలేదు, సిమెంటు తెప్పించమనలేదు. "రెండు బిందెల నీళ్ళూ, ఒక చెంబూ ఇప్పించండమ్మా" అన్నాడు. కుర్రవాణ్ణి పైకెక్కించి, ముందు చూరు దగ్గర నీళ్ళు పోయమని, తాను గదిలో నిలబడి పైకి చూస్తున్నాడు. చుక్క రాలేదు. మూరెడు పైకి జరగమన్నాడు. రాలేదు. కొప్పు దాకా వెళ్ళినా రాలేదు. అప్పుడు పక్కకు జరగమన్నాడు. రెండు వాలులు కలిసే మూలలో, రేకు కాలువ మీద చెంబు ఒంపాక, కాసేపటికి గదిలో టప్పున చుక్క పడింది. రేకు కాలువకూ చుక్కకూ మధ్య మూడు గజాల దూరం!

చూస్తే కాలువ నిండా వేపాకు. నీరు పోయే దారి లేక పక్కకు పొర్లి, పెంకుల కిందికి దూరి, మూలవాసం పట్టుకొని, అక్కణ్ణుంచి దూలం పట్టుకొని, తనకు వీలయిన చోట కిందికి దిగుతున్నది.

"చుక్క పడ్డ చోటు గుమ్మం కాదమ్మా. గుమ్మం వేరే వుంది" అన్నాడు మేస్త్రి.

అంతటితో ఊరుకోలేదు. దూలం గోడలో దూరే చోట సుత్తితో కొట్టి చూశాడు. ఖంగున మోగవలసింది డొల్లగా మోగింది. ఉలి మొన పెట్టి నొక్కితే రెండు వేళ్ళ లోతు దిగింది. ఆ దూలానికి సరిగ్గా కిందనే పిన్ని మంచం వుంది.

నీళ్ళ సీమలో ఇల్లు

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కొల్లిపర కృష్ణ కుడిగట్టుకు దగ్గర్లోని డెల్టా ఊరు. 1855లో పూర్తయిన ఆనకట్టా, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ సీమకు నీటికి కొదవ లేకుండా చేశాయి. పైరును బతికించే ఆ నీరే మన పునాదుల కింద కూడా వుంటుంది. పైనుంచి వాన, కిందనుంచి చెమ్మ, సముద్రం నుంచి తుపాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ, రేపల్లె ప్రాంతాల పెద్దలు ఈనాటికీ మరువలేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోయింది. 2009 అక్టోబరు వరదను కూడా అది మించిపోయింది.

అంతటి వరదను మనం ఆపలేం. కానీ మన కప్పు మీద పడిన నీరు ఎటు పోతున్నదో తెలుసుకోవడం మన చేతిలో పనే. మరమ్మతు అంటే మరక మీద సున్నం కొట్టడం కాదు. నీరు నడిచే దారి కనిపెట్టడం.

పెంకుటిల్లు

మనం "బెంగుళూరు పెంకు" అని పిలిచే పెంకుకు అసలు పుట్టిల్లు మంగుళూరు. బాసెల్ మిషన్ వారు 1865లో అక్కడ ఈ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఈ పెంకులు ఒకదాని అంచులో ఒకటి ఇమిడి కూర్చుంటాయి. అందుచేత పగిలినదాన్ని మార్చాలంటే పైవరస పెంకును కాస్త ఎత్తి, పగిలినదాన్ని లాగి, కొత్తది దూర్చాలి. పగులు మీద సిమెంటు పూస్తే ఒక్క ఎండాకాలానికి అది బీటలిచ్చి, ఆ బీటలోనే నీరు నిలవడం మొదలుపెడుతుంది.

పెంకుల మీద ఒట్టి కాళ్ళతో తిరగనివ్వకండి. నిచ్చెనో, పలకో పరిచి దాని మీద నడవమనండి. ఒక పెంకు మార్చడానికి ఎక్కి పది పగలగొట్టి దిగడం మనం చూస్తూనే వున్నాం. ముఖ్యంగా చూడవలసినవి మూడే చోట్లు: కొప్పు పెంకుల కింది సున్నం, రెండు వాలులు కలిసే మూల, కప్పు గోడను తాకే అంచు. నూటికి తొంభై ఇళ్ళు కురిసేది ఇక్కడే అంటారు అనుభవజ్ఞులైన మేస్త్రీలు.

సిమెంటు రేకుల ఇళ్ళవారికి ఒక హెచ్చరిక. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార వుంటుంది. వాటిని కోసినా, పగలగొట్టినా లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు. తప్పనిసరి అయితే తడిపి, పిల్లలను దూరంగా వుంచి, పగలకుండా దించాలి. ఏ రేకులైనా సరే, తుపాను నెలలకు ముందు బోల్టులు బిగించి వున్నాయో లేదో చూసుకోండి. గాలి ముందుగా ఎత్తేది చూరు అంచులనూ, మూలలనే.

డాబా ఇల్లు

స్లాబు వేశాం, ఇక చీకూ చింతా లేదు అనుకొంటాం. స్లాబుకూ వాలు వుండాలి. తూము వైపు నూరు అంగుళాలకు ఒక అంగుళమైనా పల్లం లేకపోతే నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు దారి వెతుక్కుంటుంది.

అనుమానం వుంటే ఒక పరీక్ష చేయవచ్చు. తూముకు గుడ్డ కుక్కి, డాబా మీద అంగుళం ఎత్తున నీరు ఒక పగలూ ఒక రాత్రీ నిలపండి. కింద ఎక్కడ తడి కనిపించినా సుద్దతో గీత గీసి, పైన దానికి దగ్గర్లోని బీటలూ, పిట్టగోడ మొదలూ వెతకండి. డాబా, పిట్టగోడ కలిసే మూలలో సన్నటి బీట తరచు వుంటుంది. అక్కడ మాలు గుండ్రంగా తీర్చి, దాని మీద నీరు ఇంకని పూత వేయిస్తే ఎన్నో ఇళ్ళ జబ్బు కుదురుతుంది. స్లాబు ఇదివరకే పెచ్చులూడుతూ వుంటే మాత్రం ఈ పరీక్ష చేయకండి. నీళ్ళ బరువు చిన్నది కాదు.

స్లాబు పెచ్చులుగా ఊడుతున్నదంటే లోపల ఇనుము తుప్పు పట్టిందన్న మాట. తుప్పు ఇనుముకన్నా రెట్టింపు పైగా చోటు ఆక్రమిస్తుంది. పట్టక, చుట్టూ వున్న కాంక్రీటును నెట్టి పగలగొడుతుంది. ఉప్పు నీళ్ళతో కలిపిన కాంక్రీటుకూ, ఉప్పు గాలి తగిలే బాపట్ల, రేపల్లె తీరపు ఊళ్ళ ఇళ్ళకూ ఈ బాధ ఎక్కువ. ఊడిన చోట సిమెంటు మెత్తితే అదీ ఊడుతుంది. వదులైనదంతా కొట్టివేసి, కడ్డీని తళతళలాడేలా తోమి, తుప్పు పట్టని పూత పూసి, అప్పుడు మాలు పెట్టాలి. కడ్డీ సన్నబడి పోయిందంటే అది మేస్త్రి పని కాదు. ఇంజనీరును పిలవవలసిందే.

ఇక తాతలనాటి మేడలు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, డంగు సున్నంతో కట్టినవి. వీటి మీద నీళ్ళు నిలిపే పరీక్ష పనికిరాదు. సిమెంటు గచ్చు కూడా చేయించకండి. సున్నం చెమ్మను పీల్చి మళ్ళీ ఎండకు వదులుతుంది. సిమెంటు మూత పెడితే చెమ్మ లోపలే వుండిపోయి దూలాన్ని తింటుంది. సున్నపు ఇంటికి సున్నమే వైద్యం.

గోడ చెప్పే కబురు

మన నల్లరేగడి నేల వేసవిలో కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, వానకు తిరిగి ఉబ్బుతుంది. దానితో పాటు పునాదీ కదులుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే బీట దాని గుర్తు. బీట చివర పెన్సిలుతో చిన్న గీత గీసి, పక్కన తేదీ వేయండి. అడ్డంగా ఒక కాగితపు ముక్క అంటించండి. ఏడాది తిరిగినా గీత దాటకుండా, కాగితం చిరగకుండా వుంటే పూడ్చి రంగు వేసుకోవచ్చు. పెరుగుతూ వుంటే ముందు పునాది దగ్గర నీరు ఎందుకు చేరుతున్నదో చూడాలి. పగిలిన మురుగు గొట్టమో, గోడ మొదట్లో పడే చూరు నీళ్ళో, గోడను ఆనుకొని పెంచిన అరటి పాదో కారణం అయి వుంటుంది.

గోడ అడుగున మోకాలెత్తు దాకా ఉప్పు తేలి, సున్నం పొడిపొడిగా రాలితే అది నేల నుంచి పీల్చుకొన్న చెమ్మ. దాని మీద నూనె రంగు వేస్తే చెమ్మ ఇంకో జానెడు పైకి ఎక్కుతుంది, అంతే. గోడ చుట్టూ మట్టి గచ్చుమట్టం కంటే కిందికి వుండేలా తీయించి, నీరు బయటికి పోయే వాలు ఇవ్వడం మొదటి వైద్యం.

కొళాయి, కరెంటు

కారే కొళాయి కింద రాత్రి పడుకోబోయే ముందు ఒక గిన్నె పెట్టి, ఉదయం చూడండి. ఆ నీళ్ళు కళ్ళారా చూసిన ఇల్లాలు ఆ పూటే వాషరు మార్పిస్తుంది. పాయిఖానా తొట్టి కారుతున్నదేమో అనుమానమా? తొట్టిలో నాలుగు చుక్కల నీలిమందు వేయండి. నీళ్ళు వదలకుండానే కింద నీలం కనిపిస్తే తొట్టిలోని బిరడా అరిగినట్టు.

ఫ్యాను మెల్లగా తిరుగుతున్నదంటే చాలాసార్లు పాడైంది మోటారు కాదు, కండెన్సరు. మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే, ప్లగ్గు తీసి, చల్లారాక, అడుగున వున్న ఎర్ర మీట నొక్కి చూడండి. ఫ్రిజ్ తలుపు సందున కాగితం పెట్టి మూయండి. కాగితం ఇట్టే జారివస్తే రబ్బరు వదులైంది.

కాని తడిసిన గోడలోని స్విచ్చుబోర్డుతో మాత్రం వేళాకోళం వద్దు. గోడ ముడితే జివ్వుమన్నదంటే మెయిను ఆపి, కరెంటు పని తెలిసినవాణ్ణి పిలవాలి. అంతదాకా స్విచ్చు ముట్టకూడదు. ఎర్తు సరిగా వుందో లేదో చూపించుకోండి. మనిషికి కరెంటు తగలగానే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే సాధనం వుంది. కొత్త చీర ఖరీదుకు అటూ ఇటూగా వస్తుంది. దాని మీద పరీక్ష మీట వుంటుంది. అప్పుడప్పుడు నొక్కి, పడుతున్నదో లేదో చూస్తూ వుండాలి.

ఎప్పుడు చేయాలి?

రోహిణి కార్తె ఎండలు వుండగానే కప్పు పని ముగించాలి. మృగశిర వచ్చాక మేస్త్రీ దొరకడు, పూతా ఆరదు. దసరా వెళ్ళాక, తుపానుల కాలంలో, ఇంకోసారి చూరూ, తూమూ, రేకు కాలువా శుభ్రం చేయించాలి. ఈ రెండు పనులకూ పంచాంగం పక్కన ఒక కాగితం పెట్టుకొని, ఏ ఏడు ఏం చేయించారో తేదీతో రాసుకోండి. ఇంటికీ ఒక వైద్యుడి చీటీ వుండాలి గదా!

పిన్ని ఇంటికి ఆ ఏడు దూలం చివర పుచ్చినంత మేర కోసి కొత్త టేకు అతికించారు. కింద ఒక స్తంభం నిలిపారు. రేకు కాలువ మార్చారు. మారిన పెంకులు పట్టుమని పదీ లేవు. తొలకరి వాన కురిసిన రాత్రి మా తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. "అమ్మా, ఎన్ని గిన్నెలు పెట్టావు?"

"ఒకటే పెట్టాను నాయనా."

"ఇంకా కురుస్తోందా?"

"చూరు కింద పెట్టానురా, వాన నీళ్ళు పట్టుకొందామని" అన్నది పిన్ని.