చెప్పని మాటకు జవాబు

పాతకాలపు వాల్వు రేడియో ముఖమును శ్రోతలు ఒకసారి జ్ఞాపకమునకు తెచ్చుకొనవలెను. ముందువైపున మూడో నాలుగో మీటలుండెడివి: స్వరము హెచ్చించుటకొకటి, స్టేషను పట్టుటకొకటి, మీడియం వేవు నుండి షార్టు వేవునకు మార్చుటకొకటి. వెనుక అట్ట విప్పినచో చిన్న మరలు మరికొన్ని కనిపించును. వానిని మెకానిక్కు తప్ప అన్యులు ముట్టెడివారు కారు. ఏ మీట ముందుండవలెను, ఏ మర లోపల దాగవలెను అను నిర్ణయము, ఆ పెట్టెను రూపొందించిన ఇంజనీరుది. నేడు మేము చెప్పబోవు సంగతియు నిట్టిదే. కాని ఈ పెట్టె కంటికి కనిపించదు.

కంప్యూటరుపై బొమ్మలు నొక్కి పనులు చేయించుట మనమెరిగినదే. అట్లుగాక, ఒక్క పంక్తిలో ఆజ్ఞను టైపు చేసి చేయించు పద్ధతి యొకటి కలదు. దానిని కమాండ్ లైను అందురు. యూనిక్సు వంటి వ్యవస్థలలో 'మెయిల్' అని వ్రాసి, చిన్న గీతతో 'ఎస్' అను అక్షరమును చేర్చి, ఉత్తరపు విషయమును, పిదప చిరునామాను తెలిపి, ఉత్తరమును అందించినచో అది పోవును. ఆ గీతతో కూడిన అక్షరమే ఆప్షను. మన రేడియో మీట వంటిది. అయితే ఈ ఆజ్ఞను పెక్కుసార్లు మనిషి టైపు చేయడు. అర్ధరాత్రి వేళ ఇంకొక ప్రోగ్రాము దీనిని పిలుచును. ఎదుట కూర్చుండి దిద్దువారెవరును లేరు. కనుక ఆజ్ఞలో చెప్పని విషయమున పనిముట్టు తనంతట తాను ఏమి చేయును అనునదియే అసలు ప్రశ్న. ఆ చెప్పని మాటకు ముందుగా నిలిపియుంచిన జవాబునకు డిఫాల్టు అని పేరు.

మేమెరిగిన యొక కార్యాలయమున ప్రసంగ పాఠములు ప్రతిరాత్రియు ఇట్లే వేరొక ఊరికి పోవుచుండెను. ఒకనాడు పాఠము సగమే చేరినది. చిట్టాలో మాత్రము 'పంపబడినది' అనియే యున్నది. మరునాడు అచ్చటి అనౌన్సరు తక్కిన సగము కొరకు వెదకి, వేళ మించిపోవుటచే, మిగిలిన నిమిషములను వాద్యసంగీతముతో నింపెను. కారణము విచారింపగా, టైపిస్టు రెండు భాగముల నడుమ విరామమునకు గుర్తుగా ఒక పంక్తిలో ఒంటరి చుక్కను పెట్టినాడు!

ఆ చుక్క కథ వినదగినది. ఈమెయిలు రవాణాకు 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన ఎస్ఎంటీపీ నియమావళిలో, ఉత్తరము ముగిసినదనుటకు గుర్తు ఒంటరి చుక్క గల పంక్తియే. ఉత్తరము నడుమనే అట్టి పంక్తి యున్నచో, పంపునది మరొక చుక్కను చేర్చి పంపవలెను. అందుకొనునది దానిని తీసివేయవలెను. ఇంతవరకు చక్కగనే యున్నది. అయితే, బర్కిలీలో ఎరిక్ ఆల్మన్ నిర్మించిన సెండ్‌మెయిల్ అను ప్రసిద్ధమైన పనిముట్టు, తనకు ఉత్తరము నందించువారి నుండియు అదే గుర్తును స్వీకరించును. కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి ఇది సౌకర్యము. ఫైలును అందించు ప్రోగ్రామునకు ఇది గోతి. గోతిని కప్పుటకు 'ఐ' అను ఆప్షను కలదు. ఆ కార్యాలయమువారు దానిని చేర్చలేదు. తప్పు వారిదేనని కొందరందురు. మేమట్లు తలపము. ఉత్తరమును నడుమ కోయగల శక్తి, అడిగినప్పుడు మాత్రమే రావలెను.

ఇక ఏ సంగతిని ఎచ్చట చెప్పించవలెను? పాలవానికి రోజూ ఒక లీటరని చెప్పియుంచెదము. చుట్టములు వచ్చిననాడు రెండు పోయమందుము. ఆ మాట ఆనాటికే. మరునాడు మరల ఒక లీటరే. ఇచ్చటను క్రమమదియే. ఆజ్ఞాపంక్తిలోని మాట, అమరిక ఫైలులోని మాటను దాటును. ఫైలులోని మాట డిఫాల్టును దాటును. ప్రతిసారియు మారు చిరునామా, విషయము పంక్తిలోను, అరుదుగా మారు సర్వరు పేరు, పోర్టు సంఖ్య ఫైలులోను ఉండదగును.

రహస్యపదము మాత్రము పంక్తిలో ఉండరాదు. పలువురు వాడు యంత్రమున, నడచుచున్న ఆజ్ఞల పట్టికను ఇతరులును చూడగలరు. అందుచే ఎంఎస్ఎంటీపీ అను పనిముట్టులో, రహస్యపదమును భద్రపరచిన వేరొక ప్రోగ్రామును పిలిచి తెప్పించుకొను ఏర్పాటు కలదు.

లోపలి మరను ముందువైపున బిగించినచో నేమగును? సెండ్‌మెయిలులో నిర్మాతల పరీక్షల కొరకు డీబగ్ అను సదుపాయముండెను. అది పెక్కు యంత్రములలో తెరచియే యుండెను. దాని వలన, దూరమున నున్నవారు చిరునామాకు బదులు ఆజ్ఞనే పంపి, అవతలి యంత్రముచే పని చేయింపగలిగిరి. 1988 నవంబరు 2న రాబర్టు మారిస్ విడిచిన పురుగు ప్రోగ్రాము, ఇతర మార్గములతోబాటు ఈ ద్వారమును వాడుకొని, వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసెను. పరుల ఉత్తరములను ఎవరు తెచ్చినను మోసిపెట్టుట కూడ ఒకప్పటి డిఫాల్టే. ప్రకటనల ఉత్తరములు వెల్లువెత్తిన పిదప, 1998లో వచ్చిన 8.9 కూర్పులో, అనుమతింపనిదే మోయరాదని దానిని తలక్రిందులు చేసిరి. పాత అలవాటుపై ఆధారపడినవారికి కొంత ఇబ్బంది తప్పినది కాదు.

ఎంఎస్ఎంటీపీలో మాకు నచ్చిన ఆప్షను మరొకటి కలదు. ఇంగ్లీషున దాని పేరునకు 'నటించుము' అని అర్థము. దానిని చేర్చినచో ఉత్తరము పోదు. ఏ సర్వరు, ఏ పోర్టు, ఎవరి పేరు వాడబోవునో ఆ పట్టిక మాత్రము తెరపై కనిపించును. రహస్యపదము ఉండవలసిన చోట ఒక నక్షత్రపు గుర్తుండును.