కిటికీలో కనిపించే దానికి కిరాయి ఎంత?

హైదరాబాదు పాతబస్తీలో ఛత్రినాక అనే పేట ఉంది. లాల్‌దర్వాజా, గౌలీపురా, ఉప్పుగూడ దానికి ఇరుగుపొరుగు. అక్కడ మీ కుటుంబం కిరాయికి ఇల్లు వెతుకుతోందనుకోండి. ఒకే భవనంలో రెండు పోర్షన్లు ఖాళీగా ఉన్నాయి. రెండింటిలోనూ గదులు అన్నే, వంటగది అంతే. కింది పోర్షనుకు నెలకు 8,000 రూపాయలు. మూడో అంతస్తులోని దానికి 9,500. ఎందుకు ఎక్కువని మీ నాన్నగారు అడిగితే ఇంటాయన కిటికీ తెరిచి చూపించాడు: "ఇటు చూడుండ్రి, చార్మినార్. అటు దిక్కు ఫలక్‌నుమా. గిట్లాంటి వ్యూ ముఫ్తుల దొరుకుతదా సార్?"

ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. కాని ప్రశ్న మాత్రం నిజమైనది. కొత్త అపార్టుమెంట్లలో అంతస్తు పెరిగేకొద్దీ ధర పెంచుతారు. చెరువు వైపో, పార్కు వైపో కిటికీ ఉంటే మరికొంత కలుపుతారు. మన లెక్కలో తేడా ఏడాదికి 18,000 రూపాయలు. చాలా ఇళ్లలో అది ఒక పిల్లవాడి చదువు ఖర్చు. కిటికీలోంచి కనిపించేదానికి అంత ఇవ్వవచ్చునా? మీ స్కూల్లో నేర్చుకున్న లెక్కలు, భౌతికశాస్త్రం ఇక్కడ పనికి వస్తాయేమో చూద్దాం.

ముందు, కనిపించేది ఎంతో కొలుద్దాం. ఛత్రినాక నుంచి చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు. 1591లో కట్టిన ఆ కట్టడం మినార్ల ఎత్తు సుమారు 50 మీటర్లు. 2,000 మీటర్ల దూరాన 50 మీటర్లంటే నలభయ్యో వంతు. మీ చెయ్యి చాచి, కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో స్కేలు నిలబెట్టి పట్టుకోండి. అరవైలో నలభయ్యో వంతు ఎంత? ఒకటిన్నర సెంటీమీటర్లు. నాలుగు వందల ఏళ్లు దాటిన చార్మినార్ మొత్తం మీ స్కేలు మీద ఒకటిన్నర సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. బొటనవేలు అడ్డు పెడితే కనపడదు! అందంగా ఉండదని కాదు సుమా. చందమామ ఇంకా చిన్నది, ఆ స్కేలు మీద అర సెంటీమీటరు మాత్రమే. అయినా చందమామను చూడడం మానేశామా?

ఇప్పుడు అసలు చిక్కు. బొటనవేలు అడ్డు వచ్చినట్టే పొరుగింటి గోడ అడ్డు వస్తే?

మూడో అంతస్తు కిటికీ దగ్గర నిలబడితే మీ కన్ను నేల నుంచి సుమారు 10 మీటర్ల ఎత్తున ఉంటుంది. నేల అంతా సమంగా ఉందనుకుందాం. చార్మినార్ కొస మీ కంటి కన్నా 40 మీటర్లు పైన ఉంది, 2,000 మీటర్ల దూరంలో ఉంది. అంటే మీ కంటి నుంచి ఆ కొసకు గీసిన దృష్టిరేఖ ప్రతి 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తుంది. సరూప త్రిభుజాలు గుర్తున్నాయి కదూ! మీ గల్లీ వెడల్పు 6 మీటర్లయితే ఎదురింటి దగ్గరికి చేరేసరికి ఆ రేఖ ఎంత లేస్తుంది? ఆరును యాభైతో భాగించండి. 12 సెంటీమీటర్లు.

ఈ 12 సెంటీమీటర్ల దగ్గర కాస్త ఆగండి. ఎదురింటి పిట్టగోడ మీ కంటి మట్టానికి 12 సెంటీమీటర్లు మించి పైకి లేస్తే చార్మినార్ కొసతో సహా మాయం. కొత్త అంతస్తు అక్కరలేదు, పిట్టగోడ మీద రెండు వరుసల ఇటుకలు చాలు. ఫలక్‌నుమా గుట్ట మీద ఉంది కనుక అది కంటి మట్టానికి రెట్టింపు ఎత్తున ఉందనుకున్నా, ఎదురింటివాళ్లు మీకు ఇచ్చే వెసులుబాటు 24 సెంటీమీటర్లే. అదే 500 మీటర్ల దూరంలో ఎవరైనా కట్టుకుంటే? అక్కడికి దృష్టిరేఖ 10 మీటర్లు లేస్తుంది. నేల నుంచి చూస్తే 20 మీటర్లు. ఆరంతస్తుల భవనం కట్టినా మీకేమీ నష్టం లేదు. కనుక దూరాన లేచే పెద్ద మేడలకు భయపడనక్కరలేదు. మీ దృశ్యం ఎదురింటాయన చేతిలో ఉంది. ఆయన కొడుక్కి పెళ్లయి పైన ఒక గది వేసుకున్న రోజున అది పోతుంది. ఇంటాయన మీ దగ్గర 1,500 పుచ్చుకుంటున్నాడే గాని, ఆయన మీకు అమ్ముతున్న సరుకు ఆయన సొంతం కాదు!

చట్టం కాపాడదా అంటారేమో. ఇంగ్లండులో 1610లో ఒక తమాషా తగాదా వచ్చింది. విలియం ఆల్డ్రెడ్ అనే ఆయన ఇంటిపక్కన పొరుగువాడు పందులదొడ్డి కట్టాడు. వెలుతురు పోయింది, కంపు వచ్చింది. వెలుతురు, మంచి గాలి మనిషికి అవసరం కాబట్టి వాటిని చెడగొట్టకూడదని న్యాయస్థానం ఆల్డ్రెడ్ పక్షాన తీర్పు చెప్పింది. ఆ సందర్భంలోనే, దూరపు దృశ్యం సంతోషం కోసమే గాని అవసరం కాదు కనుక దాని కోసం దావా వేయడం కుదరదని కూడా అన్నది. మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కూడా ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా అనుభవించిన వెలుతురుకూ గాలికీ హక్కు ఇస్తుంది. దృశ్యం మాట అందులో లేదు.

అందరి దృశ్యాన్నీ కాపాడే ఏర్పాట్లు మాత్రం కొన్ని ఉన్నాయి. లండన్ దగ్గర రిచ్‌మండ్ పార్కులోని ఒక చిన్న దిబ్బ మీద నిలబడి, పొదల్లో కత్తిరించి ఉంచిన కన్నంలోంచి చూస్తే 16 కిలోమీటర్ల దూరాన సెయింట్ పాల్ చర్చి గుమ్మటం కనిపిస్తుంది. ఆ దృష్టిరేఖకు అడ్డంగా ఎత్తయిన కట్టడాలు లేవకుండా నగర నిబంధనలు ఉన్నాయి. చార్మినార్ విషయంలో, రక్షిత కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపై మరో 200 మీటర్లలో అనుమతి కావాలి. చార్మినార్‌కు అది మేలే. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న మీ కిటికీకి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఎదురింటాయన మంచివాడు, ఏమీ కట్టలేదనుకోండి. గాలి కూడా మంచిగా ఉండాలి కదా! మీకూ చార్మినార్‌కూ మధ్య రెండు కిలోమీటర్ల గాలి ఉంది. అందులో దుమ్ము, పొగ, సన్నని నీటి తుంపరలు తేలుతుంటాయి. అవి ఎండను అన్ని వైపులకూ చెదరగొడతాయి. దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు. అలా చెదిరిన వెలుతురులో కొంత మీ కంట్లో పడుతుంది. దాంతో దృశ్యం మీద పల్చని తెల్లటి తెర కప్పినట్టవుతుంది. వస్తువు మాయం కాలేదు, దానికీ వెనక ఆకాశానికీ ఉన్న తేడా తగ్గిపోయింది. ఆ తేడా నూటికి రెండు మూడు పాళ్లకు తగ్గితే మన కన్ను ఇక గుర్తుపట్టలేదు. చలికాలం ఉదయాల్లో నేల దగ్గరి గాలి చల్లగా, దాని పైన వెచ్చగా ఉంటుంది. బరువైన చల్లగాలి పైకి లేవలేదు, పొగ అందులోనే చిక్కుకుపోతుంది. వాన వెలిసిన సాయంత్రం చూడండి, గాలి కడిగినట్టు ఉంటుంది, ఫలక్‌నుమా చేతికి అందేట్టు కనిపిస్తుంది. ఇంటాయన మిమ్మల్ని ఇల్లు చూడడానికి రమ్మన్నది ఏ నెలలో, ఏ వేళకో గమనించుకోవాలి!

ఫలక్‌నుమా గురించి ఒక మాట. పైగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా ఈ మహలును 1884లో మొదలుపెట్టి సుమారు తొమ్మిదేళ్లపాటు కట్టించాడు. తరువాత అది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. ఇది నగరానికి 2,000 అడుగుల ఎత్తున ఉందని కొన్నిచోట్ల రాస్తుంటారు. అది కుదిరే మాట కాదు. హైదరాబాదు నగరమే సముద్రమట్టానికి సగటున 542 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు 1,780 అడుగుల మీద ఉంది. నగరంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు బంజారాహిల్స్, అదీ 672 మీటర్లే. ఆ 2,000 అడుగులు సముద్రం నుంచి కొలిస్తే వచ్చే అంకె కావచ్చు గాని నగరం నుంచి కాదు.

ఎత్తు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల అడ్డేమీ లేకపోయినా మన చూపు క్షితిజం దగ్గర ఆగిపోతుంది. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి 11 కిలోమీటర్లు. దాన్ని రెట్టింపు చేయాలంటే 20 మీటర్లు చాలవు, 40 మీటర్లు ఎక్కాలి. అంతస్తుకింత అని ధర నిచ్చెనలా ఒకే తీరున పెరుగుతుంది. చూపు మాత్రం వర్గమూలం లెక్కన మెల్లగా పెరుగుతుంది.

ఇంతకీ దృశ్యం వల్ల మనిషికి మేలు ఉందా? ఉందనడానికి ఆధారం ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం తీయించుకున్న రోగుల రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించి 1984లో ప్రకటించాడు. 23 మంది మంచాలు చెట్లు కనిపించే కిటికీ దగ్గర ఉన్నాయి. వారికి అన్ని విధాలా సమానమైన మరో 23 మందికి కిటికీలోంచి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవారు ఆపరేషన్ తరువాత సగటున 7.96 రోజులు, గోడ చూసినవారు 8.70 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చెట్లు చూసినవారికి ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువే పట్టాయి. 46 మందితో చేసిన ఒక్క పరిశీలన నుంచి పెద్ద పెద్ద మాటలు చెప్పకూడదు. కాని ఒకటి గమనించండి: ఆ రోగులు చూసింది రాజమహలును కాదు, మామూలు చెట్లను. మన కింది పోర్షను కిటికీ ముందు ఒక వేపచెట్టు ఉందనుకోండి. అది కూడా దృశ్యమే. దానికి ఇంటాయన ఏమీ అడగలేదు!

పైగా మూడో అంతస్తుకు కనపడని ఖర్చులున్నాయి. పైకప్పు స్లాబు మే నెల ఎండలో పగలంతా వేడెక్కి, రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫ్యానో కూలరో తెల్లవార్లూ తిరగాలి. మంచినీళ్ల డబ్బా మెట్ల మీదుగా మోయాలి. దానికి ప్రతిగా అక్కడ గాలి బాగా వస్తుంది, సంక్రాంతికి పతంగులు ఎగరేయడానికి డాబా దగ్గర, బోనాల ఊరేగింపును పైనుంచి చూడవచ్చు. ఇవన్నీ లెక్కలో వేసుకోవలసినవే. నన్నడిగితే గాలికి డబ్బు ఇస్తాను గాని చార్మినార్‌కు ఇవ్వను.

మీరు నా మాట వినక్కరలేదు, కొలవండి. మీ ఇంటి కిటికీలోంచి దూరాన కనిపించే ఏదో ఒకటి ఎంచుకోండి. గుట్ట, గోపురం, మినార్, నీళ్ల ట్యాంకు, ఏదైనా సరే. 30 రోజులపాటు రోజూ ఒకే వేళకు చూసి, అది స్పష్టంగా కనిపించిందా, మసకగానా, అసలు కనపడలేదా అని నోటుబుక్కులో రాయండి. ఇంట్లో ఎవరెవరు ఎన్ని నిమిషాలు దానివైపు చూశారో కూడా రాయండి. మొదటి వారానికీ నాలుగో వారానికీ తేడా చూడండి. రోజూ కనిపించేదాన్ని మన మనసు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది, అది మీ అంకెల్లో పట్టుబడుతుందేమో తెలుస్తుంది. 20 రోజులు కనిపించి, రోజుకు 6 నిమిషాలు చూశారంటే మొత్తం 120 నిమిషాలు. 1,500 రూపాయలను 120తో భాగిస్తే నిమిషానికి పన్నెండున్నర రూపాయలు!

అయితే మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని నానమ్మ ఆ కిటికీ దగ్గరే రోజూ నాలుగు గంటలు కూర్చుంటుందనుకోండి. 20 రోజులకు 4,800 నిమిషాలు. నిమిషానికి 31 పైసలు. ఇప్పుడు అది ఖరీదు అనగలరా? అదే దృశ్యం, అదే కిరాయి, చూసే మనిషి మారింది. అలాగని తొందరపడకండి. కింది పోర్షనులో ఉంటే కిటికీ ముందుగా పోయే కూరల బండివాడు, పక్కింటి పిన్ని ఆమెను పలకరిస్తారు. మూడో అంతస్తులో చార్మినార్ పలకరించదు. ఏది కావాలో ఆమెనే అడగాలి, భాగహారం చెప్పదు.

మీ భౌతికశాస్త్ర పాఠంలో కాంతి వచ్చిన దారినే వెనక్కి కూడా పోగలదని చదువుకుంటారు. అద్దంలో మీకు మీ స్నేహితుడి కళ్లు కనిపిస్తే అతనికీ మీ కళ్లు కనిపిస్తాయి. ఫలక్‌నుమా 2010 నుంచి ఖరీదైన హోటలుగా నడుస్తోంది. ఒక్క రాత్రి బసకు చాలా డబ్బు ఇచ్చి, గుట్ట మీది నుంచి పాతబస్తీ దీపాలు చూడడానికి దూరదేశాల వాళ్లు వస్తారు. మీ కిటికీలోంచి ఆ మహలు కనిపిస్తోందంటే, వాళ్లు డబ్బిచ్చి చూసే దీపాల్లో మీ గదిలోది కూడా ఒకటన్నమాట.