నాలుగేళ్లలో పోవాల్సిన పొగ ఎందుకు పోదు?

గాలిలో ఉన్న కార్బన్ సుమారు 880 గిగాటన్నులు. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. ఇందులోంచి ఏటా 120 దాకా మొక్కలు పీల్చుకుంటాయి, మరో 80 సముద్రం కలుపుకుంటుంది. 880ని 200తో భాగిస్తే నాలుగు, ఆపైన కాస్త. అంటే మన చిమ్నీల పొగ కూడా నాలుగైదేళ్లలో గాలిని వదిలిపోవాలి కదా? వాతావరణ మార్పును కొట్టిపారేసేవాళ్లు తరచూ చూపించే లెక్క ఇదే. భాగహారం సరైనదే, తిరకాసంతా దాన్నుంచి తీసే అర్థంలో ఉంది.

మొక్కలు తీసుకున్నది దాదాపు మొత్తం తిరిగి ఇచ్చేస్తాయి. అవీ శ్వాసిస్తాయి, రాలిన ఆకుల్ని మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. సముద్రమూ అంతే. చల్లని నీటిలో కరిగిన వాయువు వెచ్చని చోట బయటికొస్తుంది. చెరువులోకి వచ్చినంత నీరే తూము గుండా పోతుంటే నీరు మారుతుంది గానీ మట్టం మారదు. ఆ చెరువుకు మనం కొత్త కాలువ తవ్వాం. బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు కలిసి ఏటా 10 గిగాటన్నులు, అడవుల నరికివేతతో ఇంకొకటి. 200 పక్కన 11 చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ అందులో నేల 3, సముద్రం 3 అదనంగా తీసుకోగా, మిగిలిన 5 గాలిలోనే పోగుపడుతోంది.

హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో కొలతలు మొదలుపెట్టినప్పుడు పది లక్షల గాలి అణువుల్లో 315 కార్బన్ డయాక్సైడ్‌వి. 2024 సగటు దాదాపు 424. ఈ కొలతలతో గీసిన గీత ఏటా మే నెలలో శిఖరానికి చేరి, సెప్టెంబరుకల్లా ఆరేడు దిగుతుంది, చలికాలంలో మళ్లీ ఎక్కుతుంది. ఉత్తరార్ధగోళపు అడవులు, పంటల ఇచ్చిపుచ్చుకోవడం అలా కంటికి కనిపిస్తుంది.

సముద్రంలో గాలిలోకంటే 40 రెట్లకు పైగా, అంటే 38,000 గిగాటన్నుల కార్బన్ ఉంది. అంత పెద్ద నిల్వలో మన 11 కలిసిపోవా? కలుస్తాయి, కానీ గాలిని తాకేది పైపొర మాత్రమే. అది లోతుల్లోకి కలవడానికి వందల ఏళ్ల నుంచి వెయ్యేళ్లు పడుతుంది. పైగా ఎంత కలుపుకుంటే నీటి ఆమ్లత్వం అంత పెరిగి, ఇంకా కలుపుకునే శక్తి తగ్గుతుంది.

నిజంగా పూడుకుపోయేది చాలా తక్కువ. సముద్రపు అడుగున పెంకులుగా, బురదగా చేరి, చివరికి రాయిగా మారేది ఏటా 0.2 గిగాటన్ను ప్రాంతం. మనం భూమిలోంచి తీసి గాలిలోకి వదిలేది దానికి 50 రెట్లు. తాండూరు బండలు అలా ఏర్పడిన సున్నపురాయే. ఇంట్లో పరిచిన బండలో కార్బన్ కదలదు. సిమెంటు బట్టీకి వెళితే మాత్రం, ప్రతి 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బట్టీలో మండిన బొగ్గు పొగ దీనికి అదనం.